మా పిన్నిని మిస్ అని పిలవకూడదు

పొయ్యి మీద పాలు పొంగే వేళకి మా పిన్ని కొడుకు, తమ్ముడు ఫోన్ చేశాడు.

“అక్కా, అమ్మ పోయిందక్కా,” అన్నాడు. వాడు ఎప్పుడూ అంతే, మాట పొడిగించడు. నేను పొయ్యి కట్టేశాను. తర్వాత వాడే, “టీ తాగింది. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. గ్లాసు తీసుకుందామని వెళ్తే పలకలేదు,” అన్నాడు.

బందరులో గుడివాడ బస్సెక్కాను. పెడన దాటింది, గుడ్లవల్లేరు దాటింది. పక్క సీట్లో ఆవిడ నా మొహం చూసి మంచినీళ్ళ సీసా అందించింది. నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. పోయిన మనిషిని తలుచుకుంటే దుఃఖం రావాలి. నాకు మాత్రం ఇరవయ్యేళ్ళ కిందటి ఒక తరగతి గది గుర్తొచ్చి పళ్ళు బిగుసుకుంటున్నాయి.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరినీ శాంతమూర్తుల్ని చేసేస్తాం. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు అని రాస్తాం. మా పిన్ని అనేది. పగ పట్టేది. పట్టిన పగ చల్లారకుండా చూసుకునేది. గుడివాడలో ఎంతోమంది చిన్నపిల్లల్ని తన ఇంటి ముందు గదిలో కూర్చోబెట్టి ఇంగ్లిషు చదవడం నేర్పింది. అదీ పగతోనే నేర్పింది. ఆ సంగతి దాచిపెట్టి మెచ్చుకుంటే ఆమెకే నచ్చదు.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. వాళ్ళది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెటూరు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి పిన్ని. పెళ్ళై గుడివాడ వచ్చింది. బాబాయి లారీ డ్రైవరు. వాళ్ళకి ఒక్కడే కొడుకు, ఇందాక ఫోన్ చేసిన మా తమ్ముడు. నేను ఇంటర్ చదివిన రెండేళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో చాలామటుకు నా కళ్ళెదురుగా జరిగిందే.

పిన్ని అక్కడ ఒక ఇంగ్లిషు మీడియం స్కూల్లో ఎల్కేజీ టీచరు. ఆ స్కూలు నడిపే ఆవిడని ఊరంతా మేడమ్ అనేవారు. గంజి పెట్టిన నేత చీర, మెత్తటి గొంతు. ఆవిడ అరవగా నేను వినలేదు. పిల్లల్ని ఒక్క దెబ్బ వేసి ఎరగదు. కొట్టకుండా చేయగలిగినవన్నీ ఆవిడకి తెలుసు.

తమ్ముడు అదే స్కూల్లో మూడో తరగతి. ఆ ఏడు తల్లిదండ్రుల్ని పిలిచి పండగలా చేశారు. పిల్లలు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి ఇంగ్లిషు పాఠం చదవాలి. తమ్ముడు పుస్తకం తెరిచి గడగడా చదివేశాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మేడమ్ నవ్వుతూ లేచి వెళ్ళి, వాడి చేతిలో పుస్తకం పేజీలు తిప్పి, “ఇది చదువు నాన్నా,” అంది.

వాడు ఇందాకటి పాఠమే మళ్ళీ మొదలుపెట్టాడు.

కింద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. వాడికి ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఇంకా గట్టిగా అప్పజెప్పాడు.

వాడికి బుర్ర లేక కాదు. ఎవరైనా చదివి వినిపిస్తే పాఠం మొత్తం బట్టీ వచ్చేది. సి-ఏ-టి క్యాట్ అని పాడమంటే పాడేవాడు. ఆ మూడక్షరాలూ కలిస్తే క్యాట్ ఎందుకవుతుందో మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు. సీ, ఏ, టీ కలిపితే సీయేటీ అవ్వాలి కదా? చిన్నపిల్లాడు ఆలోచించే తీరు అది. ఆలోచించినందుకే వెనకబడ్డాడు.

మర్నాడు మేడమ్ పిన్నిని గదిలోకి పిలిపించింది. ఆ మాటలు పిన్ని నాకు ఎన్నిసార్లు చెప్పిందో, నేనే అక్కడ నిలబడి విన్నట్టుంటుంది.

“స్టాఫ్ పిల్లాడే చదవలేకపోతే బయటివాళ్ళకి ఏం చెప్తామమ్మా? మొదట్నుంచీ మొదలుపెడదాం. రేపట్నుంచి ఎల్కేజీలో కూర్చోబెట్టండి.”

“నా క్లాసులోనా మేడమ్?”

“మీ క్లాసులోనే. కానీ క్లాసులో వాడు మీ అబ్బాయి కాదు. పేరు పెట్టి పిలవొద్దు, రోల్ నంబరుతో పిలవండి. వాడూ మిమ్మల్ని మిస్ అనే అనాలి. గారాబం వల్లే వచ్చింది ఇదంతా.”

ఆ రోజుల్లో బాబాయి లారీ తిరగబడి కాలు విరిగి మంచంలో ఉన్నారు. ఇల్లు పిన్ని ఉద్యోగం మీదే నడుస్తోంది. ఆ సంగతి మేడమ్‌కి తెలుసు.

ఒక టర్మ్ అంతా అలా జరిగింది. నాలుగేళ్ళ పిల్లల మధ్య, వాళ్ళ చిన్న కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చునేవాడు తమ్ముడు. తప్పు చెబితే పిల్లలందరిచేతా షేమ్ షేమ్ అనిపించాలి. అనిపించాల్సింది పిన్ని. మేడమ్ రోజూ గుమ్మం దగ్గర కాసేపు నిలబడి చూసి వెళ్ళేది. ఒకరోజు వాడికి కడుపునొప్పి వచ్చి, “అమ్మా,” అన్నాడు. గుమ్మంలోంచి మేడమ్, “ఎవరిని పిలుస్తున్నావు? ఇక్కడ అమ్మలెవరూ లేరే,” అంది మెత్తగా. వాడు పొట్ట పట్టుకునే, “మిస్, కడుపునొప్పి మిస్,” అన్నాడు.

ఆ సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పిన్ని వంటింట్లో కూర కలుపుతోంది. తమ్ముడు గుమ్మంలో నిలబడి, “మిస్, ఆకలేస్తోంది,” అన్నాడు.

పిన్ని చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. “ఇది ఇల్లు నాన్నా. ఇక్కడ అమ్మా అనొచ్చు,” అంది.

వాడు తలూపాడు. అన్నం తింటూ, “మిస్, మజ్జిగ,” అన్నాడు.

బతిమాలాం, నవ్వించాం, బాబాయి మంచంలోంచే ఒకసారి కసిరారు. లాభం లేదు. వాడు మొండికెయ్యడం లేదు. ఎక్కడ ఏమనాలో పిల్లాడికి అయోమయమైపోయింది. ఎక్కడైనా ప్రమాదం లేని మాట మిస్ అని తేల్చుకున్నాడు. రోజూ ఆ పిలుపు విని పిన్ని మొహం ఎలా మారిపోయేదో నేను చూశాను. అందుకే నన్ను ఎవరైనా క్షమాగుణం గురించి అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది.

బాబాయి కర్ర పట్టుకుని నడిచి చిన్న పనిలో చేరిన వారమే పిన్ని ఆ స్కూలు మానేసింది. మధ్యాహ్నం బెల్లు కొట్టకముందే వాడి చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, మేడమ్ గది ముందు ఆగి, లోపలున్నవాళ్ళందరికీ వినపడేలా, “పద నాన్నా, ఇంటికెళ్దాం. అమ్మ అన్నం పెడుతుంది,” అంది.

అంతకుముందు ఏడాది స్కూలు తరఫున విజయవాడలో టీచర్ల ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చింది పిన్ని. అక్షరాల పేర్లు కాదు, అక్షరాల చప్పుళ్ళు నేర్పాలని అక్కడ చెప్పారు. తిరిగొచ్చి ఆ మాట చెబితే మేడమ్ నవ్వి, “మన పేరెంట్స్‌కి స్పెల్లింగులు గట్టిగా వినపడాలమ్మా. అవన్నీ పెద్ద ఊళ్ళకి,” అంది. ఇప్పుడు పిన్ని ఆ పద్ధతి బయటికి తీసి ఇంట్లో కొడుకుతో మొదలుపెట్టింది. అక్కడ చెప్పినది కొంత, తనకి తోచింది కొంత.

మొదట, “బి అంటే బీ కాదు, బ కూడా కాదు. తలకట్టు తీసేసి పొల్లు పెట్టి పలుకు. బ్,” అంది. మన అక్షరాలకి పుట్టుకతోనే అచ్చు అంటుకుని ఉంటుంది, ఇంగ్లిషు హల్లులు ఒంటరివి. ఆ ఒక్కటీ అర్థమయ్యేసరికి వాడి మొహం విప్పారింది. మనం మాట చివర ఏదో ఒక అచ్చు లేకుండా ఉండలేం కాబట్టి వాడు బ్యాగు అనేవాడు, కప్పు అనేవాడు. చివరి చప్పుడు దగ్గర పిన్ని గుప్పిట మూసేది. గుప్పిట మూయగానే నోరు ఆగాలి. ‘జెడ్’ అక్షరం పలికేటప్పుడు గొంతు మీద చెయ్యి పెట్టించి, “లోపల కందిరీగ తిరుగుతోందా లేదా?” అని అడిగేది. కిట్ అనే మాట చివర ‘ఈ’ అనే ఇంగ్లిషు అక్షరం చేరిస్తే కైట్ ఎందుకవుతుందో ఇలా చెప్పింది: “మనకి దీర్ఘం పక్కనే కనపడుతుంది. వాళ్ళకి ఒక అక్షరం దాటి కనపడుతుంది. చివరి ‘ఈ’ తను నోరు మెదపదు. ముందున్న అచ్చుచేత దాని పేరు చెప్పిస్తుంది.” సి పక్కన ‘ఈ’ గాని, ‘ఐ’ గాని, ‘వై’ గాని ఉంటే స్ అంటుంది, లేకపోతే క్ అంటుంది. రూలుకి లొంగని మాటలు కొన్ని వచ్చేవి. “వీటిని చూసి గుర్తుపెట్టుకో, కావాలంటే తిట్టుకో, ముందుకెళ్ళు,” అనేది.

వాడు నేర్చుకుంటున్నాడు. కానీ, “ఇది కరెక్టేనా మిస్?” అని అడుగుతూనే ఉన్నాడు.

ఒక శనివారం ముగ్గురం చేపల మార్కెట్‌కి వెళ్ళాం. అక్కడ ఐసు ఫ్యాక్టరీ గోడ మీద మూడే మూడు అక్షరాలు, మనిషెత్తున నీలం రంగులో రాసున్నాయి. తమ్ముడు ఆగిపోయాడు. “ఇ... క్... కాదు. సి పక్కన ‘ఈ’ ఉంది. స్. చివరి ‘ఈ’ నోరు మెదపదు. ఐ... స్...” అని గొణుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి పిన్ని కొంగు పట్టుకుని లాగి, “అమ్మా! ఐస్! ఐస్ అని రాసుందమ్మా!” అని కేకేశాడు.

నాకు వాడు చదివిన మాటే వినపడింది. పిన్నికి వినపడింది వేరే మాట.

చేపల నీళ్ళు పారుతున్న ఆ రోడ్డు మీదే గొంతుకూర్చుని వాణ్ణి పొదివి పట్టుకుంది. తట్టలు మోసుకెళ్ళేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్తున్నారు. లేచాక కళ్ళు తుడుచుకుని, సంచి చేతికి తగిలించుకుని, ఎంతో మామూలుగా, “ఇక ఆవిడ సంగతి చూస్తాను,” అంది.

చూసింది కూడా. స్కూలు గేటుకి ఎదురుగా ఒక వాటా అద్దెకి తీసుకుని దిగింది. మేడమ్ “ఈ పిల్లకి చదువు రాదు” అని టీసీ ఇచ్చి పంపించిన పిల్లలందరినీ చేర్చుకోవడం మొదలుపెట్టింది. బందరు నుంచి రొయ్యలు తెచ్చి గుడివాడలో అమ్ముకునే ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

“మా పిల్లకి బుర్ర లేదన్నారండి,” అంది ఆమె.

“ఎవరన్నారు?”

“మేడమ్ గారేనండి.”

“అయితే పిల్లని ఇప్పుడే కూర్చోబెట్టమ్మా. వెయిటింగ్ లేదు,” అంది పిన్ని.

పిల్లలకి ఆమె పెట్టిన కట్టుబాటు ఒక్కటే. “అత్తా అనండి, ఆంటీ అనండి, మామ్మా అనండి. మిస్ అంటే మాత్రం వీపు పగులుతుంది.” ఎవరి వీపూ పగల్లేదు గానీ, ఎవరూ మిస్ అనలేదు.

ఆ పిల్లలకి చదవడం వచ్చాక పిన్ని ఒక పని చేసేది. తల్లిని తోడిచ్చి మేడమ్ గదికి పంపేది. పిల్ల లోపలికి వెళ్ళి, “గుడ్ మార్నింగ్ మేడమ్, నేను చదువుతాను. మీకిష్టమొచ్చిన పేజీ తియ్యండి,” అనాలి. మేడమ్ తీసిన పేజీ చదివి, థాంక్యూ చెప్పి వచ్చెయ్యాలి. రొయ్యలమ్మే ఆమె కూతురు అలా చదివి వచ్చిన రోజున ఆ తల్లి రోడ్డు దాటుతూ ఎంత నవ్విందో! కొన్నాళ్ళకి మేడమ్ వీళ్ళని లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పింది. పిల్లలు గేటు బయట నిలబడి చదివారు. ఆ వాటా యజమాని పిల్లలు అదే స్కూల్లో చదువుతున్నారు. ఆయన ఇల్లు ఖాళీ చేయమన్నాడు. పిన్ని సామాను సర్దుకుని, స్కూలు బస్సు మలుపు తిరగడానికి నిదానించే సందులో ఇల్లు తీసుకుంది. ముందు గది కిటికీలు తెరిపించి, బస్సు వచ్చే వేళకి పిల్లలచేత చప్పుళ్ళన్నీ గట్టిగా పలికించేది.

“ఎందుకే ఈ పంతం? దేవుడు చూసుకుంటాడు,” అనేవారు బాబాయి.

“దేవుడికి బోలెడు పనులున్నాయి. ఈ ఒక్కటీ నేను చూసుకుంటాను.”

ఆదివారం చర్చిలో అందరూ కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు, మాకు కీడు చేసినవాళ్ళని క్షమించాం అనే భాగం రాగానే పిన్ని నోరు మూసుకునేది. అది దాటాక మళ్ళీ అందుకునేది. అడిగితే, “దేవుడి ముందు అబద్ధమెందుకు అమ్మాయ్?” అంది.

తమ్ముడు కలెక్టరు కాలేదు. అలాంటి కథ కాదిది. వాడు ముదినేపల్లి వైపు చేపల చెరువుల్లో గాలి కొట్టే మోటార్లు రిపేరు చేస్తాడు. వాటితో వచ్చే ఇంగ్లిషు పుస్తకాలు చదివి పని నేర్చుకున్నాడు. నా కూతురికి బందరులో మా ఇంట్లో నేనే ఇలా చప్పుళ్ళతో నేర్పాను. దానికి తట్టనప్పుడు నా గొంతు పెరగబోయిన ప్రతిసారీ తమ్ముడు ఆ చిన్న కుర్చీలో కనపడి గొంతు దిగిపోయేది. ఇళ్ళల్లో పిల్లలకి చదువు చెప్పుకుంటున్న మీరెవరైనా ఇది చదువుతుంటే, మా పిన్ని దగ్గర నేను నేర్చుకున్నది అదే. కోపం ఎంతైనా ఉండొచ్చు, అది పిల్లల వైపు తిరగకూడదు. ఎవరి వైపు తిరగాలో వాళ్ళు వేరే ఉంటారు.

ఏళ్ళు గడిచాయి, బాబాయి పోయారు. చప్పుళ్ళతో నేర్పే ఈ పద్ధతికి ఫోనిక్స్ అనే పేరు ఊళ్ళల్లోకి కూడా వచ్చింది. మేడమ్ స్కూలు గేటు మీద ‘ఫోనిక్స్ పద్ధతిలో బోధన’ అని ఇంత పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. పిన్ని దాన్ని చూసి నవ్వి, ఇంటికొచ్చి మధ్యాహ్నమంతా తిడుతూనే ఉంది.

తర్వాత ఒక శనివారం నేను గుడివాడలో ఉండగా పిన్ని ఇంటి ముందు కారు ఆగింది. మేడమ్ దిగింది. జుట్టంతా నెరిసింది. పక్కన మనవరాలు. కొడుకూ కోడలూ హైదరాబాదులో ఉద్యోగాలు, పిల్ల ఈవిడ దగ్గరే పెరుగుతోంది.

“రండి. చెప్పులు బయట,” అంది పిన్ని.

మేడమ్ కూర్చోకుండానే మొదలుపెట్టింది. “మీ దగ్గర దాచేదేముందమ్మా. మా స్కూల్లోనే చదువుతోంది. అందరూ మంచి మార్కులే వేస్తున్నారు. నిన్న నేనే పుస్తకమిచ్చి చదవమన్నాను. గుర్తున్నది చెప్తోంది గానీ చదవట్లేదు.”

“పేజీ తిప్పి చూశారా?” అంది పిన్ని.

మేడమ్ తల దించుకుంది.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాకెంత తృప్తిగా అనిపించిందో దాచను.

“పాపకి చెప్తాను. పాప ఏం చేసింది?” అంది పిన్ని. “మీకు మాత్రం ఒక షరతుంది. టర్మ్ అంతా రోజూ మీరూ వచ్చి పిల్లల మధ్య చాప మీద కూర్చోవాలి. వాళ్ళు పలికింది మీరూ పలకాలి. ఇక్కడున్నంతసేపూ పాప మిమ్మల్ని నానమ్మా అనకూడదు.”

“మరేమని పిలుస్తుంది?”

“మీకు రోల్ నంబరు ఇమ్మంటారా?”

మేడమ్ పాప వైపు చూసింది. పాప ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. “వస్తాను,” అంది మేడమ్.

వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని చాప మీద కూలబడేది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, జెడ్ సరిగా పలక్క, పిల్లలు “తప్పు, తప్పు” అని నవ్వుతుంటే మళ్ళీ పలికేది. పిన్ని ఆ నవ్వుల్ని ఆపలేదు. ఆ రోజుల్లో నేను సెలవు దొరికినప్పుడల్లా బందరు నుంచి వెళ్ళేదాన్ని. చూడటానికే వెళ్ళేదాన్ని.

అలా వెళ్ళిన మొదటిసారే తమ్ముడు బియ్యం బస్తా దింపడానికి వచ్చాడు. లోపల పాఠం జరుగుతోంది. మేడమ్ మనవరాలు లేచి నిలబడింది. బాత్రూముకి వెళ్ళాలి. నానమ్మ వైపు చూసి నోరు తెరిచింది. పిన్ని వైపు చూసి మూసుకుంది. ఏమని పిలవాలో తెలియలేదు. కాళ్ళు దగ్గరికి చేర్చుకుని, పెదవి వణుకుతూ అలాగే నిలబడింది.

తమ్ముడు బస్తా గుమ్మంలోనే వదిలేశాడు.

“అమ్మా,” అన్నాడు. “ఆ పిల్లని పిలవనీ.”

వాడి గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. పిన్ని వాడి వైపు చూసింది, పాప వైపు చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు. గబగబా లేచి పాప దగ్గరికి వెళ్ళి, “మీ నానమ్మని పిలువు తల్లీ. నీ ఇష్టమొచ్చినట్టు పిలువు. వెళ్ళిరండి,” అంది.

పిల్లలు వెళ్ళిపోయాక తమ్ముడికి అన్నం వడ్డిస్తూ, “ఆ ఒక్కటీ తప్పు చేశాన్రా,” అంది. మజ్జిగ పోస్తూ, “మిగతాది మాత్రం వదల్ను,” అంది. వదల్లేదు. టర్మ్ పూర్తయ్యేదాకా మేడమ్ కూర్చున్నది చాప మీదే.

ఆఖరి రోజున పాప, ఎవరు ఏ పేజీ తీసినా కూడబలుక్కుని చదివింది. మేడమ్ కళ్ళు తుడుచుకుని, “చాలా థాంక్స్ అమ్మా. అప్పుడు జరిగినదానికి సారీ,” అంది.

“నాకు కాదు,” అని పిన్ని తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు ముదినేపల్లి నుంచి బండి మీద వచ్చాడు, చేతులకి ఇంకా గ్రీజుంది.

“ఐ యామ్ సో సారీ,” అంది మేడమ్ వాడితో.

“తెలుగులో చెప్పండి,” అంది పిన్ని. “వాడు ఏడ్చింది తెలుగులోనే.”

మేడమ్ గొంతు సవరించుకుంది. “తప్పు చేశాను బాబూ. అమ్మని అమ్మా అని పిలవనివ్వలేదు నిన్ను.”

తమ్ముడు నేల చూస్తూ, “సరేనండీ,” అన్నాడు. తర్వాత, “పాప చదువుతోందా?” అని అడిగి, చదువుతోందంటే తలూపి వెళ్ళిపోయాడు.

పిన్నికి అది చాల్లేదు. “సరేనండీ ఏంట్రా సరేనండీ? వీడికి కోపం కూడా నేనే నేర్పాల్సింది,” అని వాడి బండి చప్పుడు వినపడనంత దూరం వెళ్ళేదాకా గొణుగుతూనే ఉంది. నేనామెని తప్పుపట్టలేదు. నాకూ చాల్లేదు.

పిన్నిని నాగాయలంక దగ్గర వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాం. కూచిపూడి మీదుగా, పులిగడ్డ వంతెన దాటి, వ్యాను వెనక గుడివాడ పిల్లలూ తల్లులూ ఆటోల్లో వచ్చారు. చర్చిలో ప్రార్థన అయ్యేసరికి మేడమ్ కారు కూడా వచ్చింది. మనవరాలిని చేత్తో పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పాస్టరుగారికి ఈ కథ తెలియదు. పెద్దమనిషి కదా అని రెండు మాటలు చెప్పమన్నారు.

మేడమ్ మైకు దగ్గరికి వెళ్ళింది. అదే మెత్తటి గొంతు. “ఆమె మా స్కూల్లోనే ఉద్యోగం మొదలుపెట్టింది. ఈ ఫోనిక్స్ పద్ధతి కూడా మా ప్రోత్సాహంతోనే నేర్చుకుంది. బయటికి వెళ్ళినా మేం ఆమెని మా కుటుంబంలో మనిషిగానే చూసుకున్నాం...”

ఆవిడ కూర్చునేలోపే నేను లేచాను. మైకు తీసుకుని ఆ టర్మ్ గురించి చెప్పాను. చిన్న కుర్చీ, షేమ్ షేమ్, మిస్ కడుపునొప్పి మిస్, అన్నీ చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. అవసరం రాలేదు, అందరూ అటే చూస్తున్నారు. వెనక వరసలోంచి రొయ్యలమ్మే ఆమె లేచి, “నా కూతురికి బుర్ర లేదన్నదీ ఈవిడేనండి!” అని గట్టిగా అంది. పాస్టరుగారు దగ్గి, పాట అందుకోమని పిల్లలకి సైగ చేశారు.

నేను వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాను. వాడు ముందుకే చూస్తూ, “పొడుగ్గా చెప్పావక్కా,” అన్నాడు.

“కోపమొచ్చిందా?”

“లేదు. అమ్మైతే ఇంకా పొడుగ్గా చెప్పేది,” అన్నాడు. అప్పుడు ఇద్దరికీ ఏడుపొచ్చింది.

సమాధుల దొడ్డి పంటకాలవ పక్కనే. నల్లమట్టి, నిన్నటి వానకి ఇంకా జిగటగా ఉంది. మట్టి కప్పాక చెక్క సిలువ పాతారు. దాని మీద పిన్ని పేరు పైన తెలుగులో, కింద ఇంగ్లిషులో రాయించాడు తమ్ముడు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. జనం ఒక్కొక్కరే పూలు వేసి కదులుతున్నారు. మేడమ్ అందరికన్నా ముందు వెళ్ళిపోదామని మనవరాలి కోసం చూసింది. ఆ పిల్ల సిలువ ముందు గొంతుకూర్చుని, ఇంగ్లిషు అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్క చప్పుడే పలుకుతోంది.

“పద, కారు ఆగి ఉంది,” అని చెయ్యి పట్టుకుంది మేడమ్.

పిల్ల చెయ్యి విడిపించుకుంది. “ఉండు నానమ్మా, ఇంకా అయిపోలేదు.”

మేడమ్ నిలబడిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆవిడ చెప్పులు మెల్లగా నల్లమట్టిలోకి దిగుతున్నాయి. పక్కనుంచి వెళ్తున్న ప్రతి ఒక్కరూ ఆగి ఆవిడ మొహంలోకి చూసి మరీ వెళ్తున్నారు. పిల్ల వేలి కొసకి తెల్లరంగు అంటుకుంది. ఆ వేలు పక్క అక్షరం మీదికి జరిగింది.